దోమ సంగతి ఎందుకు రాయలేదు?

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. అన్నట్టు, నన్ను మేడమ్ అనకు. పెద్దమ్మా అను, చాలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, యూట్యూబ్‌లో తప్ప ఎప్పుడూ చూడని ఒక పద్యనాటక నటుడి కోసం సెలవు పెట్టి, రాత్రి బస్సెక్కి, ఎక్కడో పల్లెటూరి తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకం కాటి సీను చూడ్డానికి వెళ్లింది. ఆ ఒక్క సంగతికే నువ్వంటే నాకు ఇష్టం కలిగింది. ఆ ఇష్టం కొద్దీ మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ వ్యాసం పద్నాలుగు పేజీలు. నీ నటుడు స్టేజీ మీదికి వచ్చేసరికి తొమ్మిదో పేజీ అయింది. అప్పటిదాకా బస్సు లేటు, పక్క సీటాయన గురక, దిగాక ఆటో దొరక్క పడ్డ తిప్పలు, ఫోన్ చార్జింగ్ టెన్షన్. అబద్ధాలని కాదు. బస్సెక్కిన ప్రతివాళ్లకీ జరిగేవే. వాటిలో ఒక్కటి మాత్రం ఉంచు. రాత్రంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన పాడిన ఒకే పద్యం తిప్పి తిప్పి విన్నానన్నావే, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ అక్షరం మీద నిలబడతాడో కూడా నోటికొచ్చేసిందన్నావే, అది. వ్యాసం అక్కడే మొదలుపెట్టు. ఆ పద్యం వీడియోలో ఎలా ఉంటుందో నీకు కరతలామలకం. మరి ఆ రాత్రి పందిట్లో ఎలా ఉంది? అదే కదా చదివేవాళ్లకి కావాల్సింది. అది చెప్పాల్సిన చోట నువ్వు రాసినవి నాలుగు మాటలు: గంధర్వ గానం, పరకాయ ప్రవేశం, నట విశ్వరూపం, న భూతో న భవిష్యతి.

ఈ నాలుగూ కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. ఇవి నువ్వు రాసినవి కావు, కరపత్రంలోంచి వచ్చినవి. తిరునాళ్ల కరపత్రం ఎప్పుడైనా జాగ్రత్తగా చూశావా? ప్రతి నటుడి పేరుకీ ముందొక బిరుదు, వెనకొక బిరుదు. ద్వారపాలకుడి వేషం వేసేవాడు కూడా ఏదో ఒక రత్నమే. బిరుదులివ్వడానికి కమిటీవాళ్లున్నారు. నీ పని వేరు.

నీ పని ఏమిటో నీకు తెలియదని కాదు. వ్యాసం పంపుతూ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లో నువ్వే చేసి చూపించావు. ఇలా రాశావు: ‘‘పెద్ద పద్యం మధ్యలో, చనిపోయి పడుకున్న లోహితుడు దోమ కుట్టిందని కాలు గోక్కున్నాడండీ. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన రాగం ఆపకుండానే రెండడుగులు వేసి, భుజం మీది కంబళి జారినట్టు జార్చి ఆ పిల్లాడి కాళ్ల మీద పడేలా చేశారు. నాకు ఏడుపొచ్చేసింది.’’

ఆ మెసేజ్ చదివి ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఇంత చూసినదానివి వ్యాసంలో ఎందుకు రాయలేదమ్మా? నాటకం పరువు పోతుందనా? నీ నటుడి గొప్పతనానికి దోమ అడ్డమనా? నటుడంటే ఏమిటో నీ పద్నాలుగు పేజీలు చెప్పలేనిది ఆ కంబళి చెప్పింది. అప్పుడాయన హరిశ్చంద్రుడు. ఆ శవం తన కొడుకు లోహితుడిదేనని ఇంకా పోల్చుకోలేదు. కాటి సుంకం కట్టనిదే దహనం కుదరదని చంద్రమతిని నిలదీస్తున్న కాపరి. అదే సమయంలో ఆయన, తెల్లవారుజాము మూడింటికి నిద్రకాగలేని పిల్లాడితో స్టేజీ మీదున్న పెద్దమనిషి కూడా. కాపరి కంబళి జారింది, పెద్దమనిషి పిల్లాడికి కప్పాడు. రెండూ ఒకే కదలికలో జరిగాయి. అది చూడగలిగావంటే నీకు కళ్లున్నట్టే. ఇక వాటిని నమ్మడమే మిగిలింది.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నీ వయసులో నాకు ఆ చెవీ లేదు, ఆ కన్నూ లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక కృష్ణుడి వేషధారి అంటే పిచ్చి. పేరు చెప్పను, ఇప్పుడాయన లేరు. ఐదేళ్లపాటు చుట్టుపక్కల ఎక్కడ ఆయన రాయబారం సీను ఉన్నా మా బాబాయిని పీక్కుతిని వెళ్లేదాన్ని. ఒకసారి నాటకం అయ్యాక తెల్లారుతుంటే టీ బండి దగ్గర హార్మోనియం ఆయన నిలబడి ఉన్నారు. నేను ఉత్సాహం పట్టలేక, ‘‘రాత్రి ఎంత బాగా పాడారండీ, ఎప్పటిలాగే!’’ అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, ‘‘మూడు రోజుల నుంచి ఆయనకి జ్వరమమ్మా. రాత్రంతా ఒక మెట్టు దించి వాయించాను. ఎవరూ పట్టుకోలేదన్నమాట, మంచిదే’’ అని టీ తాగి వెళ్లిపోయారు.

ఐదేళ్లు విన్నాను. శృతి దిగిందన్న సంగతి తెలియలేదు. జ్వరంతో ఉన్న మనిషి పై స్థాయికి వెళ్లకుండా, వెళ్లలేదని జనానికి తెలియనివ్వకుండా రాత్రంతా ఎలా నెట్టుకొచ్చాడో నా ఎదురుగానే జరిగింది. నేను మాత్రం నా తలలో ఉన్న పాత పాటే విని ఇంటికొచ్చాను. ఆ వారమే ఒక పత్రికకి వ్యాసం కూడా రాసి పంపాను. ‘ఎప్పటిలాగే’ అన్న మాట అందులో మూడుసార్లుంది. వాళ్లు వేసుకోలేదు, బతికిపోయాను.

అందుకని నీ పదకొండో పేజీ దగ్గర ఆగాను. మూడుసార్లు వన్స్ మోర్ కొట్టించుకున్నారని రాసి వదిలేశావు. మూడుసార్లూ ఒకేలా పాడారా? పాడరు. జనం అడిగారు కాబట్టి పాడాలి, ఇంకా గంట నాటకం ఉంది కాబట్టి గొంతు దాచుకోవాలి. రెండోసారి రాగం తగ్గించి నేరుగా పద్యంలోకి దిగారా? హార్మోనియం వైపు ఒక చూపు చూశారా? చివరి పాదాన్ని జనం మీదికి వదిలేసి తను చేయి మాత్రం ఎత్తారా? ఇంకో సంగతి. వన్స్ మోర్ అన్నప్పుడు నీ నటుణ్ణి కాదు, చంద్రమతిని చూడాలి. ఏడుపు మధ్యలో కథ ఆగిపోతే ఆవిడ ఏం చేస్తుంది? కొందరు తల వంచుకుని అలాగే ఉండిపోతారు. కొందరు పమిట సర్దుకుంటారు. ఒకావిడ ఆ సందులో మంచినీళ్లు తాగడం చూశాను. మళ్లీ పద్యం అందుకోగానే ఎక్కడ వదిలిందో అక్కడినుంచే ఏడుపు ఎత్తుకుంది. నాకది పద్యం కంటే గొప్పగా అనిపించింది.

మొదటి హరిశ్చంద్రుణ్ణి ‘ఓ మోస్తరు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పాపం అనిపించింది. ఒకే నాటకంలో సీనుకొక హరిశ్చంద్రుడు, సీనుకొక కృష్ణుడు వచ్చే ఆచారం మనకుంది. బయటి భాషలవాళ్లకి చెబితే వింతపడతారు. నీకు మాత్రం అది వరం. ఒకే పాత్ర, ఒకే రాత్రి, ఇద్దరు మనుషులు. అడవి దాకా ఒకాయన మోసుకొచ్చి దింపిన బరువుని కాటిలో ఇంకొకాయన ఎత్తుకున్నాడు. ఆ మొదటాయన నడక, మాట విరుపు ఎలా ఉన్నాయో చెబితేనే నీ నటుడు వచ్చీ రాగానే ఏం మార్చాడో మాకు తెలుస్తుంది. నువ్వు రెండింటిదాకా ఫోన్ చూసుకుంటూ గడిపి ఉంటావని నా అనుమానం. నిజమైతే ఆ మాటే రాసెయ్. దాచకు.

ఒక తప్పు దిద్దాలి. కాటి సీను పద్యాలన్నీ బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివే అన్నట్టు రాశావు. నాటకం ఆయనదే. కానీ నువ్వు బస్సులో రాత్రంతా విన్నానన్న ఆ శ్మశానం పద్యం జాషువాగారిది. ‘శ్మశానవాటి’ అని ఆయన విడిగా రాసుకున్న ఖండకావ్యంలోది. నటులు దాన్ని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు, జనం ఔనన్నారు, ఇప్పుడది లేని కాటి సీనంటే ఎవరూ ఒప్పుకోరు. తప్పు దిద్దడానికే ఇదంతా చెప్పడం లేదు. చావు ముందు రాజూ పేదా కవీ అందరూ ఒకటే అనే ఆ మాటలు, కులం పేరుతో నానా అవమానాలూ పడ్డ కవి కలంలోంచి వచ్చి, కాటికాపరిగా మారిన ఒక రాజు నోట్లో పడ్డాయి. ఇది తెలిసి వింటే ఆ పద్యం నీకు వేరేగా వినపడుతుంది. వీలైతే డి.వి. సుబ్బారావు గారి కాటి సీను రికార్డింగులు కూడా విను. నీ నటుడు ఆయన దగ్గర ఏం తీసుకున్నాడో, ఏం వద్దనుకున్నాడో పట్టుకోవచ్చు. ‘మా కాలంలో’ అని మొదలుపెడతానేమోనని భయపడకు. ఆ జబ్బు నాకూ ఉంది, అదుపులో ఉంచుకుంటున్నాను.

ఇంకొకటి దాచావు. ఆయన గొంతు ఒకచోట పగిలిందట కదా. అదీ మెసేజ్‌లోనే ఉంది, వ్యాసంలో లేదు. ‘‘మా ఫ్యాన్స్ గ్రూపులో చదివి తిడతారు’’ అన్నావు. తిడితే తిట్టనీ. గొంతు పగిలిందని రాయడం ఆయన్ని చిన్నబుచ్చడం కాదు. పగిలాక ఏం చేశాడన్నది రాయకపోతేనే చిన్నబుచ్చినట్టు. ఆగాడా, దగ్గాడా, కింది స్థాయిలో అందుకున్నాడా? సినిమాలో అయితే ఇంకో టేక్ తీసుకుంటారు. ఇక్కడ ఆ పగిలిన గొంతుతోనే ముందుకెళ్లాలి, కింద జనం చూస్తూనే ఉంటారు. నువ్వు అంత దూరం వెళ్లింది దీనికోసమే కదా. బాగా పాడిన పద్యం నీ ఫోన్‌లో ముందే ఉందాయె.

గ్రీన్ రూమ్ భాగం గురించి. సెల్ఫీ, ఆయన నీ తల మీద చెయ్యి పెట్టడం, నీ కళ్లు చెమర్చడం, ఇవి రెండు వాక్యాలు చాలు. కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటుంటే ఒక బుగ్గ హరిశ్చంద్రుడిది, ఒక బుగ్గ అరవై ఏళ్ల మనిషిది అని రాశావు చూడు, అక్కడ పెన్సిలు పక్కన పెట్టి చదివాను. అది ఉండాలి. ఆయన దగ్గు కూడా ఉండాలి, పగిలిన గొంతుకీ దానికీ లంకె ఉంది కాబట్టి. కమిటీవాళ్లు ఇచ్చిన కవరు విప్పి ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్న సంగతి మాత్రం తీసెయ్. నిజమే కావచ్చు. కానీ నువ్వు అక్కడ ఉన్నావని ఆయన మరిచిపోయిన క్షణమది. స్టేజీ మీద చేసింది మనకి చూపించడానికి చేశాడు, కవరు విప్పింది మనకి చూపించడానికి కాదు. నటుల బతుకుల గురించి రాయాలనుకుంటే ఆయన్నే అడిగి వేరే వ్యాసం రాయి. అది కూడా రావాల్సిందే.

ఇంతా చేసి ఎవరు చదువుతారండీ, వీడియో ఉందిగా అన్నావు. స్థానం నరసింహారావు గారి పేరు విన్నావా? ఆడవేషాలకి పెట్టింది పేరు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు, 1971లో పోయారు. ఆయన గొంతు కొంత రికార్డుల్లో మిగిలింది. సత్యభామగా స్టేజీ మీద ఆయన నడిచిన నడక గురించి నేను విన్నదంతా, చదివినదంతా ఎవరో చూసి చెప్పిందీ, రాసిందీ, ‘నటస్థానం’ అన్న పుస్తకంలో ఆయన రాసుకున్నదీ. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, నిజమే. ఆ తిరునాళ్ల వీడియో నేనూ వెతికి చూశాను. తీసినవాడెవరో పద్యం మొదలవగానే ఆయన మొహం మీదికి జూమ్ చేశాడు. పద్యం అయ్యేదాకా మొహమే. పిల్లాడు లేడు, దోమ లేదు, కంబళి ఎప్పుడు జారిందో తెలియదు. అది చూసినవాళ్లు ఆ ముందు వరస పిల్లలూ, నువ్వూ.

వ్యాసం తిరగరాసి పంపు. ఆరు పేజీలు దాటనివ్వకు. తొందరేమీ లేదు, కానీ జ్ఞాపకం చెదరకముందే కూర్చో. ఒకటి అడగడం మరిచాను. కాటి సీను అయి తెర దించాక ఆ పిల్లాడు లేచాడా, నిద్రలోనే ఉన్నాడా? ఎవరు ఎత్తుకెళ్లారు? చూసి ఉంటే అదీ రాయి.

ఉంటాను,
పెద్దమ్మ