వైల్డ్‌క్యాట్ తూటా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వైల్డ్‌క్యాట్ తూటాల మీద, అంటే ఉన్న తూటాని మార్చి వర్క్‌షాపుల్లో సొంతంగా చేసుకునే, ఫ్యాక్టరీలు అమ్మని తూటాల మీద, నీ డ్రాఫ్ట్ రాత్రి రెండుసార్లు చదివా. కష్టపడ్డావ్, తెలుస్తోంది, కానీ మొదటి పేజీ నిండా స్పీడు అంకెలే ఉన్నాయి, మనవాళ్ళలో చాలామంది తూటాని క్రైమ్ వార్తల్లో ఫొటోగా తప్ప చూసుండరు, వాళ్ళకి ఆ అంకెలతో ఏం పని చెప్పు.

ముందు మాటలు సరిచేసుకో. ఒకచోట బుల్లెట్ అన్నావ్, ఇంకోచోట తూటా, ఇంకోచోట గుండు, మూడూ ఒకటే అన్నట్టు. మామూలు కథలో అయితే చెల్లిపోతుంది, ఇక్కడ చెల్లదు, ఎందుకంటే వైల్డ్‌క్యాట్‌లో అసలు పనంతా గుండులో కాదు, దాన్ని పట్టుకునుండే ఇత్తడి కేసులో జరుగుతుంది. మొత్తం కలిపి తూటా, ఎగిరిపోయేది గుండు, వెనక మిగిలేది కేసు. లోపలున్నది తుపాకిమందు, ఉత్త మందు అని రాశావో మనవాళ్ళ బుర్ర వేరే సీసా మీదకి పోతుంది.

ఇంక అసలు కథ నువ్వు మూడో పేజీలో ఒక్క లైన్లో తొక్కేశావ్. పాయింట్ 25 ఎన్ఏఏ, పాయింట్ 25 అంటే గుండు లావు దాదాపు పావు అంగుళం, ఎన్ఏఏ అంటే నార్త్ అమెరికన్ ఆర్మ్స్ అనే అమెరికా తుపాకుల కంపెనీ. దాన్ని మొదట ఊహించి నమూనా చేసినాయన జె.బి. వుడ్, తుపాకుల మీద వ్యాసాలు రాసే మనిషి, అంటే మనలాగా రాతగాడే! దాంతో మొదలుపెట్టవయ్యా. జేబులో పట్టే పిస్టళ్ళకి తుపాకులు రూపొందించిన బ్రౌనింగ్ 1905 నాటి పాయింట్ 25 తూటా ఉండనే ఉంది కానీ అది మరీ నీరసం, జోరు కావాలంటే తుపాకిమందు ఎక్కువ పట్టాలి, దానికి కేసులో చోటు కావాలి. అందుకని అదే బ్రౌనింగ్‌ది 1899 నాటి పాయింట్ 32 కేసు తీసుకుని, మూతి దగ్గర కూజా మెడలా సన్నం చేసి, అందులో 25 గుండు కూర్చోబెట్టారు. కొత్త కేసే చేసుకోవచ్చుగా అని పాఠకుడు అడుగుతాడు, అక్కడ ఆగి చెప్పు: కేసు అడుగు మారలేదు కాబట్టి ఆ అడుగుని పట్టి లాగే కొక్కెం, తూటాలు పేర్చే మ్యాగజైన్ దాదాపు పాతవే సరిపోతాయి, ముఖ్యంగా మారాల్సింది బ్యారెల్. 1994లో వచ్చిన 357 సిగ్ అనే పిస్టల్ తూటాదీ ఇదే దారి, 40 కాలిబర్ (కాలిబర్ అంటే గుండు లావు) కేసుకి మెడ నొక్కారు.

సెమీ ఆటోమేటిక్, అంటే ఒక్కో నొక్కుకి ఒక తూటా పేల్చి తర్వాతది తనే ఎక్కించుకునే పిస్టల్ అన్నాక తూటాయే ఇంజిన్ కూడా. పేలిన జోరుకే స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం, వెనక్కి పోవాలి, ఖాళీ కేసు బయటపడాలి, కొత్త తూటా లోపలికి రావాలి. జోరు తగ్గితే స్లైడ్ సగంలో ఆగుతుంది, ఎక్కువైతే తుపాకీని కుళ్ళబొడుస్తుంది. ఇదంతా నీ డ్రాఫ్ట్‌లో లేదు, స్పీడు ఒక్కటే ఉంది. ఆ కూజా మెడ వల్ల లాభం ఇంకోటుంది, సన్నటి మూతి వెడల్పాటి ఛాంబర్లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులోకి, సులువుగా జారుతుంది. ఇదే మెడ రివాల్వర్లో కొంప ముంచింది, 1961లో వచ్చిన 22 రెమింగ్టన్ జెట్ అనే తూటా కేసులు పేలగానే వెనక్కి జరిగి సిలిండర్ తిరక్కుండా బిగుసుకుపోయేవి. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, నీ వ్యాసానికి అదే ప్రాణం.

అడవిపిల్లి అని పేరు తెనిగించావ్, నాకు నచ్చలేదు, వైల్డ్‌క్యాట్ అనే ఉంచు. వాటిలో కొన్ని ఇంటిపిల్లులవుతాయి అన్న ముక్క మాత్రం బాగుంది, రైఫిల్ తూటా 22-250 ఏళ్ళ తరబడి వర్క్‌షాపుల్లో తిరిగి తిరిగి 1965లో రెమింగ్టన్ కంపెనీ చేతిలో ఫ్యాక్టరీ తూటా అయింది కదా, అది కలుపు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, తుపాకిమందు తూకాలు తీసెయ్. అది వంట రెసిపీ కాదు, చిన్న తేడాకే తుపాకీ చేతిలో పేలుతుంది, పైగా మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా చెయ్యడమే నేరం. ఇది అమెరికా వర్క్‌షాపుల కథ, అక్కడే ఉండనీ.

రెండో డ్రాఫ్ట్ వుడ్‌తో మొదలైతేనే పంపు. స్పీడు అంకెలు రెండు ఉంచుకో, చాలు.

మీ అన్న