చేయి అతికింది, భయం పోలేదు: పరిహారం ఆపవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయనకు 40 ఏళ్లు. గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని, నెలకు 18,000 రూపాయల జీతం. 2024 ఆగస్టులో బండ జారి పక్కనున్న మనిషి చనిపోయాడు, ఈయన చేయి విరిగింది. కార్మికుల పరిహార కేసులు చూసే కమిషనర్ ఉత్తర్వుతో పదిహేను రోజులకు 3,750 రూపాయల చొప్పున పది నెలలు ఇచ్చి, చేయి అతికిందని యజమాని ఆపేశారు. ఇంట్లో మిక్సీ వేసినా ఈయన ఉలిక్కిపడి గోడకు ఆనుకుంటున్నారు. కేసు మళ్లీ తెరవవచ్చా?

జవాబు: తెరవవచ్చమ్మా. అసలు ఆ సొమ్ము ఆపే అధికారం యజమానికి లేదు. కమిషనర్ ఉత్తర్వుతో మొదలైనది కమిషనర్ చెబితేనే ఆగాలి. బకాయిని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించమని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 31వ సెక్షన్ కింద అడగండి.

ఇక రివ్యూ, అంటే ఆ సొమ్మును కమిషనర్ మళ్లీ పరిశీలించడం. 2025 నవంబర్ 21న ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ ప్రమాదం అంతకు ముందుది కనుక 1923 నాటి చట్టం ప్రకారమే మీ హక్కులు. అందులో 6వ సెక్షన్ కింద, పరిస్థితి మారిందని డాక్టరు సర్టిఫికెట్ జతచేసి మీరైనా యజమానైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిషనర్ సొమ్మును పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఆపవచ్చు; వైకల్యం శాశ్వతమని తేలితే ఏకమొత్తంగా మార్చవచ్చు. మొదటి ఉత్తర్వే తప్పని వాదించడానికి మాత్రం ఈ దారి పనికిరాదు. దానికి 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి, అదీ ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే.

వైకల్యం శాశ్వతమని తేలితే ఏకమొత్తం ఎంతో లెక్క చూడండి. జీతం ఎంతున్నా చట్టం లెక్కలోకి తీసుకునేది 15,000 వరకే. అందులో 60 శాతం 9,000. 40 ఏళ్ల వయసుకు చట్టంలోని వయసుల పట్టిక ఇచ్చే గుణకం 184.17. రెండూ హెచ్చవేస్తే 16,57,530. సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని డాక్టరు రాశారనుకుంటే 4,97,259 రూపాయలు. ఇప్పటికే అందిన 75,000 తీసేస్తే 4,22,259.

చిక్కు రుజువు దగ్గరే. చట్టంలోని గాయాల పట్టికలో వేళ్లు, కళ్లు, కాళ్లు ఉన్నాయి, మనసు లేదు. అలాగని చట్టం దాన్ని కాదనలేదు. పట్టికలో లేని గాయానికి సంపాదన శక్తి ఎంత పోయిందో డాక్టరే అంచనా వేయాలి. ఈ భయం ఆ ప్రమాదం వల్లనే వచ్చిందని మీరు చూపించాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఎక్స్‌రేలన్నీ భద్రంగా దాచి, మానసిక వైద్యుడు రాసిన చీటీలు మాత్రం పరువు పోతుందని చింపేశాడు. కేసుకు అక్కరకొచ్చేవి అవే!

తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. కంప్రెషర్ శబ్దం, మిక్సీ, నిద్ర లేకపోవడం అన్నీ డాక్టరుకు చెప్పి తేదీతో రాయించుకోండి. యజమాని తమ డాక్టరు దగ్గరికి రమ్మంటే వెళ్లండి. కాదంటే 11వ సెక్షన్ ప్రకారం పరిహారం హక్కు నిలిచిపోతుంది. వెళ్లేటప్పుడు చీటీల జిరాక్సులే పట్టుకెళ్లి, అసలువి బీరువాలో పెట్టుకోండి.