ఐస్‌లాండ్ చుట్టూ కారులో

ప్రశ్న: జూన్‌లో లండన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి ఐస్‌లాండ్ వెళ్లి, కారులో దేశమంతా చుట్టి రావాలని వాడి ప్లాన్. వారం సరిపోతుందా? చిన్న కారు చాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు వీసా సంగతి చూసుకోండమ్మా. మీ బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి.

వారంలో తిరగొచ్చు కానీ ఉరుకులు పరుగులే. నన్నడిగితే పది రోజులు పెట్టుకోండి. దేశాన్ని చుట్టే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు. తారురోడ్డు మీద కూడా 90 దాటకూడదు. పైగా జలపాతం కనిపించిన చోటల్లా ‘ఆపు నాయనా’ అనేది మీరే! సెల్యాలాండ్స్‌ఫాస్ దగ్గర ధార వెనక నుంచి నడిచి వెళ్లొచ్చు. నిలువునా తడుస్తారు, ఆ రోజుకి చీర మాత్రం వద్దు.

ఈ రోడ్డుకి చిన్న కారు చాలు. ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే లోపలి కొండదారులకే ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలి. జూన్‌లో వాటిలో చాలా ఇంకా తెరవరు కూడా. అసలు టెన్షన్ గాలితోనే. కారు తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయండి, వదిలితే వెనక్కి విరుచుకుపోతుంది. బీమాలో ఆ నష్టం కలిసి ఉండకపోవచ్చు, కాగితం చదివే సంతకం పెట్టమనండి.

హోటల్ తిండి ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. వంటగది ఉన్న గదులు తీసుకుని కందిపొడి, చింతపండు పట్టుకెళ్లండి. నీళ్లు కొనక్కర్లేదు, కుళాయివే బాగుంటాయి. వేడినీళ్ల కుళాయిలో గంధకం వాసన వస్తే కంగారుపడకండి, స్నానానికి ఇబ్బందేం లేదు. ఆ రోజుల్లో రాత్రుళ్లు చీకటి పడదు, కళ్లకు గంతలు మర్చిపోవద్దు.