లెక్క 55 మి.మీ. సరిపోయింది, టెలిస్కోప్ ఫొటో మూలల్లో చుక్కలు మాత్రం సాగుతున్నాయి

ప్రశ్న: 80 మి.మీ. ఎఫ్/6 రిఫ్రాక్టర్‌కి (కటకాల టెలిస్కోప్‌కి) ఫ్లాట్నర్, అంటే ఫోకస్ తలాన్ని అంచులదాకా చదును చేసే కటకం పెట్టి, ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కూల్డ్ కెమెరాతో ఫొటోలు తీస్తున్నాను. కెమెరా లోతు 17.5, ఫిల్టర్ వీల్ 20, ఆఫ్ యాక్సిస్ గైడర్ (కొంత వెలుగుని పక్కనున్న గైడ్ కెమెరాకి మళ్ళించేది) 16.5, స్పేసర్ రింగు 1 మి.మీ. కలిపితే సరిగ్గా 55. తనకీ సెన్సర్‌కీ మధ్య ఉండాలని ఫ్లాట్నర్ అడిగిన దూరమూ అంతే. అయినా నాలుగు మూలల్లో చుక్కలు ఫొటో మధ్యకేసి గురిపెట్టిన గీతల్లా వస్తున్నాయి. ఫ్లాట్నర్‌లో లోపమా?

జవాబు: ఫ్లాట్నర్‌ని అనుమానించకండి. మీ కూడికలో ఫిల్టర్ గాజు లేదు. ఫ్లాట్నర్‌కీ సెన్సర్‌కీ మధ్య గాజుపలక ఉంటే కిరణాలు కలిసే చోటు ఆ గాజు మందంలో దాదాపు మూడోవంతు వెనక్కి జరుగుతుంది. ఫిల్టర్ 2 మి.మీ. అయితే 0.7, 3 మి.మీ. అయితే 1 మి.మీ. కలపాలి. మీ ఫిల్టర్ 2 మి.మీ. అనుకుంటే మీకు కావలసింది 55.7, ఉన్నది 55. ఫిల్టర్‌ని ఫ్లాట్నర్‌కి ముందు, అంటే టెలిస్కోప్ వైపు బిగించేవాళ్ళకి ఈ లెక్క వర్తించదు. వాళ్ళు మళ్ళీ ఫోకస్ చేసుకుంటే చాలు.

మీ ఫొటో కూడా ఈ లోటునే చూపిస్తోంది. మూలల్లో చుక్కలు మధ్యనుంచి బయటికి చిమ్మినట్టు సాగితే సాధారణంగా సెన్సర్ ఫ్లాట్నర్‌కి మరీ దగ్గరగా ఉన్నట్టు, స్పేసర్ పెంచాలి. మధ్యభాగం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు వంపుగా సాగితే దూరం ఎక్కువైనట్టు, తగ్గించాలి. కొన్ని ఫ్లాట్నర్ల డిజైన్‌లో ఈ గుర్తు తిరగబడుతుంది. అందుకే ఒక్కసారిగా 3 మి.మీ. కలిపేయకుండా, 0.5 కలిపి చూడండి. గీతలు పొట్టిబడితే మీరు వెళ్తున్న దిక్కు సరైనదే.

మీకు కావలసిన 0.7కి 0.5, 0.2 మి.మీ. పలుచని ప్లాస్టిక్ షిమ్ రింగులు చాలు. వాటిని ఫ్లాట్నర్‌కీ ఆఫ్ యాక్సిస్ గైడర్‌కీ మధ్యే వేయండి. గైడర్ తర్వాత, కెమెరా వైపు వేస్తే గైడ్ కెమెరా ఫోకస్ కూడా చెదిరి దాన్ని మళ్ళీ సరిచేయాల్సి వస్తుంది. షిమ్ చదునుగా కూర్చోవాలి. బిగించేటప్పుడు మడత పడితే ఆ పక్క కాస్త ఎత్తయి, స్పేసింగ్ (ఈ దూరం) బాగుపడే బదులు టిల్ట్, అంటే సెన్సర్ ఒక పక్కకి ఒరగడం పుడుతుంది.

పరీక్ష ఎలా చేస్తారన్నది ఇంకా ముఖ్యం. చుక్కలు దట్టంగా ఉన్న పాలపుంత భాగం నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు 5 నుంచి 10 సెకన్ల ఫొటోలు ఒక్కో స్పేసింగ్‌కి అయిదేసి తీయండి. పొడవైన ఎక్స్‌పోజర్ వద్దు, ట్రాకింగ్ తప్పు వచ్చి కలుస్తుంది. మధ్యలో చుక్కలు కూడా మూలల్లాగే ఒకే దిక్కుకి సాగి ఉంటే అది టెలిస్కోప్‌ని తిప్పే మౌంట్ గొడవ, స్పేసింగ్‌ది కాదు. షిమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్ళీ మొదటినుంచి చేయాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: పాత ఫోకస్‌తోనే తీసి, ఉబ్బిన చుక్కలు చూసి, షిమ్ పనిచేయలేదని తీసేస్తారు.

ప్రశ్న: ఈ 55 మి.మీ. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? మరలు కూడా లెక్కలోకి వస్తాయా?

జవాబు: రావు. ఫ్లాట్నర్ వెనక మర మొదలయ్యే చోట ఒక చదునైన లోహపు అంచు ఉంటుంది. తరువాతి రింగు వచ్చి ఆనుకునేది దానికే. సాధారణంగా కొలత అక్కడి నుంచి సెన్సర్ ముఖం దాకా. బయటికి పొడుచుకొచ్చిన మర ఎదుటి రింగు లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి దాన్ని కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టు. కొన్ని ఫ్లాట్నర్లకి కొలత మొదలయ్యే చోటు వేరే ఉంటుంది, కనుక తయారీదారు ఇచ్చిన బొమ్మ ఒకసారి చూసుకోండి.

సెన్సర్ ఎంత లోపల ఉందో మనం కొలవలేం, దానికి తయారీదారు చెప్పిన అంకే ఆధారం. మిగతా ముక్కల్ని మాత్రం డిజిటల్ కాలిపర్‌తో ఒక్కొక్కటిగా కొలవండి. 16.5 అని రాసి ఉన్న ముక్క 16.4 ఉండొచ్చు, అలాంటివి మూడు చేరితే తేడా కనబడుతుంది.

అసలీ 55 ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల కాలపు టీ-మౌంట్ నుంచి వచ్చింది, డీఎస్‌ఎల్‌ఆర్‌లకీ అదే కొనసాగింది. కెనాన్ ఈఎఫ్ బాడీలో లెన్సు మౌంట్ నుంచి సెన్సర్ దాకా 44 మి.మీ., కెమెరాని టెలిస్కోప్ మరకి కలిపే టీ-రింగు 11. నికాన్ ఎఫ్‌లో 46.5, టీ-రింగు 8.5. రెండు విధాలా 55. మిర్రర్‌లెస్ బాడీలు పలుచన: సోనీ ఈ మౌంట్ 18, కెనాన్ ఆర్‌ఎఫ్ 20, నికాన్ జడ్ 16 మి.మీ. మిగతాది అడాప్టర్ భర్తీ చేయాలి.

మర చూసి కొనండి. టీ2 అంటే ఎం42×0.75 (42 మి.మీ. వ్యాసం, చుట్టుకి 0.75 మి.మీ. కదిలే మర). పాత కెమెరా లెన్సుల ఎం42×1 చూడ్డానికి అలాగే ఉండి ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడే ఆపి వెనక్కి తిప్పండి, బలవంతం చేస్తే మరలు అరిగిపోతాయి. లాక్ రింగు ఉన్న ఎం48×0.75 వేరియబుల్ (తిప్పితే పొడవు మారే) స్పేసర్ దొరికితే షిమ్‌ల అవసరమే చాలావరకు తప్పుతుంది. ఒక పూర్తి చుట్టుకి 0.75, పావు చుట్టుకి సుమారు 0.19 మి.మీ. కదులుతుంది.

ప్రశ్న: కుడివైపు రెండు మూలల్లోనే చుక్కలు చెడుతున్నాయి, ఎడమవైపు సూదిమొనల్లా ఉన్నాయి. స్పేసింగ్ ఎంత మార్చాలి?

జవాబు: ముట్టుకోకండి, అది టిల్ట్. స్పేసింగ్ తప్పితే నాలుగు మూలలూ ఇంచుమించు ఒకేలా చెడతాయి. ఫ్లాట్నర్ కదలకుండా, దాని వెనక కెమెరా ఒక్కదాన్నే 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ తీయండి. చెడిన పక్క ఫొటోలో కుడివైపే ఉండిపోతే వంపు కెమెరాలో ఉంది, టిల్ట్ ప్లేట్ స్క్రూలతో సవరించాలి. చెడు మరో పక్కకి మారితే తప్పు ఫోకసర్ వైపుది: డ్రాట్యూబ్ (ఫోకసర్‌లో ముందుకూ వెనక్కీ జరిగే గొట్టం) కెమెరా బరువుకి వాలుతూ ఉండొచ్చు, లేదా ఒకే స్క్రూతో బిగించే 2 అంగుళాల బ్యారెల్ ఒక పక్కకి ఒరుగుతుంది. అలాంటప్పుడు మరతో బిగించే అడాప్టర్‌కి మారడమే సరైన పని. టిల్ట్ తీరాకే స్పేసింగ్ జోలికి వెళ్ళాలి.

ప్రశ్న: చిన్న సెన్సర్ కెమెరాకి ఇంత శ్రమ అవసరమా?

జవాబు: సెన్సర్ సైజుని బట్టి. మామూలు డబ్లెట్ (రెండు కటకాల), ట్రిప్లెట్ (మూడు కటకాల) రిఫ్రాక్టర్లలో ఫోకస్ తలం చదునుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. ఆ వంపు వ్యాసార్థం ఉజ్జాయింపుగా ఫోకల్ లెంగ్త్‌లో మూడోవంతు. మీ 80 మి.మీ. ఎఫ్/6 లాంటి, 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న స్కోప్‌లో ఏపీఎస్-సీ మూల (మధ్యనుంచి 14 మి.మీ.) దగ్గర ఫోకస్ దాదాపు 0.6 మి.మీ. తప్పుతుంది, ఫుల్ ఫ్రేమ్ మూల (21.6 మి.మీ.) దగ్గర సుమారు 1.5. ఎఫ్/6లో చుక్క పదునుగా నిలిచే లోతు మాత్రం దాదాపు 0.1 మి.మీ. అంతే. అంగుళం సెన్సర్‌లో మూల 8 మి.మీ. దూరమే, అక్కడ తేడా దాదాపు 0.2. కాబట్టి అర మిల్లీమీటరు స్పేసింగ్ తప్పు అంగుళం సెన్సర్‌లో బయటపడకపోవచ్చు, ఫుల్ ఫ్రేమ్‌లో దాగదు. పెట్జ్‌వాల్ రకం రిఫ్రాక్టర్ వాడేవాళ్ళకి చదును చేసే కటకాలు గొట్టంలోనే ఉంటాయి. అక్కడ మామూలుగా ఫోకస్ కుదిరితే దూరమూ కుదిరినట్టే.