39 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: ఎం.పి.సి.తో బీఎస్సీ, ఆ తర్వాత బీఈడీ చేసి, ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నాలుగేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కూడా నన్నే చెప్పమన్నారు. రెంటికీ న్యాయం చేయగలనా అన్న బెంగ ఒకటి, డీఎస్సీకి చదువుకునే సమయం ఇందులో కరిగిపోతుందేమోనన్న బెంగ మరొకటి. మీరు ఏళ్ల తరబడి రెండూ బోధించారు కనుక అడుగుతున్నాను.
– ఒక ఉపాధ్యాయిని, నల్గొండ

జవాబు: అమ్మా, రెండో బెంగ సంగతి ముందు తేల్చేద్దాం. మన డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 టెట్ వెయిటేజీకి పోతాయి. పైథాన్ వచ్చినందుకు ఒక్క మార్కూ కలవదు. కంప్యూటర్ బోధననే వృత్తిగా చేసుకోదలిస్తే కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ (పోస్టు గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులు ఉన్నాయి గానీ, వాటి అర్హతలు వేరు. కనుక మీ చదువు వేళలను మాత్రం దేనికీ వదులుకోకండి.

ఇక మొదటి బెంగ. నేను చేరిన కొత్తలో మా బడికి కంప్యూటర్లు వచ్చాయి గానీ, ఆ గది తాళంచెవి ప్రధానోపాధ్యాయుల సొరుగు దాటేది కాదు. తాళం తీసే రోజు వచ్చేసరికి నాకూ ప్రోగ్రామింగ్ రాదు. వేసవి సెలవుల్లో తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. ఆ తప్పులే తర్వాత నా పాఠాలయ్యాయి.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల చేత మీటరు పొడవున్న దారానికి ఇనుప నట్టు కట్టించి, 20 డోలనాలకు పట్టే కాలాన్ని కొలిపించి, గురుత్వ త్వరణాన్ని ప్రోగ్రామ్ రాసి కనుక్కోమన్నాను. పొడవును 4π²తో గుణించి, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం, T) వర్గంతో భాగించాలి, 9.8కి దగ్గరగా రావాలి. ఎక్కువ జట్లకు అలాగే వచ్చింది. రెండు జట్లకు మాత్రం 39 దాటింది. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది కాబట్టి అదే ఒప్పయి ఉంటుందని వాళ్ల వాదన!

నాకు కారణం తెలిసినా చెప్పలేదు. దారాన్ని అర మీటరుకు కుదించి మళ్లీ చేయమన్నాను. ఒక జట్టుకు మళ్లీ 39 దాటింది. రెండో జట్టుకు 19.7 వచ్చింది. దారం పొడవు మారితే భూమి ఆకర్షణ సగమవుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. అక్కడితో రెండో జట్టు తమ ప్రోగ్రామ్‌ను అక్షరం అక్షరం చదువుకుని, T*T చుట్టూ బ్రాకెట్లు పెట్టలేదని పట్టుకుంది. కంప్యూటర్ ఒక Tతో భాగించి, రెండో Tతో గుణించేసింది. కాలం లెక్కలోనే లేకుండా పోయింది. మొదటి జట్టు ప్రోగ్రామ్‌లో ఏ దోషమూ లేదు. అటు వెళ్లి తిరిగి రావడమంతా కలిపి ఒక డోలనం కాగా, వాళ్లు నట్టు అటు వెళితే ఒకటి, ఇటు వస్తే రెండు అని లెక్కపెట్టారు. కాలం సగమైతే వర్గం నాలుగో వంతవుతుంది, జవాబు నాలుగింతలవుతుంది.

ఆ రోజు నేను చెప్పింది భౌతికశాస్త్రమా, ప్రోగ్రామింగా? విడదీయడం నాకైతే చేతకాదు. అందుకే రెంటికీ న్యాయం అన్న మీ మాట కొంచెం సరిచేస్తాను: రెండు పాఠాలు విడివిడిగా తయారుచేసుకోకండి. మీకు బాగా పట్టున్న ప్రయోగం దగ్గర మొదలుపెట్టి, దాని లెక్కను ప్రోగ్రామ్‌కు అప్పగించండి. పిల్లలకు లోగో భాషను 1967లో తయారుచేసినవారిలో ఒకరైన సేమర్ పాపర్ట్, ప్రోగ్రామ్‌లో దొర్లిన తప్పును వెతికి సరిదిద్దుకోవడమే అసలు చదువని నమ్మారు. మా పిల్లల 39 చూశాకే ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది.

ఆచరణలో నేను వదలని నియమాలు రెండే. రన్ నొక్కే ముందు జవాబు ఎంత రావచ్చో ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో పెన్నుతో రాయాలి. కొట్టివేతలకు మార్కులు తగ్గించను. నలుగురికి ఒక కంప్యూటర్ ఉంటే, కీబోర్డు అందరికన్నా తక్కువ వచ్చినవారి చేతిలో ఉండాలి, మిగతా ముగ్గురూ నోటితో చెప్పాలే తప్ప చేయి పెట్టకూడదు. మొదటి వారం గోలగా ఉంటుంది, పక్క తరగతి మాస్టారు వచ్చి తలుపు వేసి వెళతారు.