మధ్యలో ఇత్తడి బిళ్ళ ఉన్న పాత చెక్క గడియారం, అలారం పోయిందంటున్నారు. కొనొచ్చా?

చెన్నైలోని పల్లావరం శుక్రవారం సంతలో చూశానన్నారు కదా, డయల్ మధ్యలో అంకెల బిళ్ళ ఉన్న గడియారం. కొనొచ్చు. కానీ తలుపు తెరిచి లోపల చూశాకే బేరం మొదలుపెట్టండి.

ఇలాంటివి ఎక్కువగా 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని కనెటికట్‌లో తయారయ్యాయి. సెత్ థామస్, వాటర్‌బరీ, ఇన్‌గ్రాహం కంపెనీల వాళ్ళవి. డయల్ మీద కీ ఇచ్చే రంధ్రాలు సాధారణంగా రెండే: ఒకటి టైముకి, రెండోది గంటలు కొట్టడానికి. అలారం వేరే యంత్రం. సొంత స్ప్రింగు, సొంత సుత్తితో కింద వెనక చెక్కకు, ఎక్కువగా ఎడమపక్క, బిగించి ఉంటుంది. దానికి విడిగా కీ ఇవ్వాలని తెలియక చాలామంది పోయిందనేస్తారు. నా వాటర్‌బరీని కూడా అలాగే చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చి కీ ఇచ్చి బిళ్ళ తిప్పితే పక్కింటికి వినిపించేలా మోగింది.

బిళ్ళ గంటల ముల్లుతో పాటే తిరుగుతుంది. ఎన్నింటికి లేవాలో ఆ అంకెను ముల్లు కిందికి తేవాలి. బిళ్ళను తిప్పేటప్పుడు బలవంతం వద్దు. ఆ టైముకి బిళ్ళ వెనకున్న మెట్టు ఒక సన్నటి తీగను కదిలిస్తుంది, ఆ తీగ కింద అలారాన్ని వదులుతుంది. ఆపడానికి మీట ఉండదు, స్ప్రింగు అయిపోయేదాకా మోగాల్సిందే. అక్కర్లేని రాత్రి కీ ఇవ్వకపోతే సరి. ఎంత చక్కటి ఏర్పాటో! (1870లలో అలారంతో పాటు అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించే గడియారాలు కూడా అమెరికాలో అమ్మారు. అలాంటిది ఒక్కటైనా చేతిలోకి తీసుకుని చూడాలని నా కోరిక.)

వెనక చెక్క మీద ఖాళీ స్క్రూ రంధ్రాలు, వాటి చుట్టూ రంగు మారని మచ్చ కనిపిస్తే మాత్రం అలారాన్ని ఎవరో పీకేశారని అర్థం. అదే కొలతల్లో ఇంకోటి దొరకడం కష్టం. డయల్ కాగితం కొత్తదైనా నేను పట్టించుకోను గానీ, అలారం లేనిదాన్ని వదిలేస్తాను.

కొబ్బరినూనె వేసి ఉంటే అది జిగురుగా పేరుకుపోయి చక్రాలు బిగుసుకుంటాయి. దానికి భయపడక్కర్లేదు, విప్పి శుభ్రం చేయిస్తే చాలు. మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు అలారం తీసేయొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఆటోలో తెచ్చేటప్పుడు పెండ్యులం కొక్కెం నుంచి తీసి విడిగా పట్టుకోండి, లేకపోతే కుదుపులకు పైనున్న పల్చటి రేకు వంగిపోతుంది.