బొటనవేలి మొదట్లో నొప్పా? మీ పీలర్ పిడి ఎంత లావుందో చూడండి

ప్రశ్న: నా వయసు 44, మాది ఖమ్మం. మూడు నెలలుగా కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన బాగా నొప్పి. కూరగాయల చెక్కు తీసేటప్పుడు, పట్టకారుతో గిన్నె దించేటప్పుడు, తడిబట్టలు పిండేటప్పుడు ప్రాణం పోతున్నట్టుంటుంది. రోజూ రాత్రి ఇంటిల్లిపాదికీ చపాతీలు చేస్తాను. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. కీళ్లవాతమని కొందరు, యూరిక్ యాసిడ్ అని కొందరు అంటున్నారు. వంట మానేయాలా? - ఒక పాఠకురాలు

జవాబు: వంట మానేయక్కర్లేదండీ. కొన్నాళ్లు ఆ బొటనవేలికి విశ్రాంతి ఇవ్వాలి, మీ వంటింట్లో రెండు మూడు వస్తువులు మార్చాలి. మీరు రాసినదాన్నిబట్టి ఇది డీ కెర్వేన్ అనే సమస్య అయ్యుండొచ్చు. ఆ పేరున్న స్విట్జర్లాండ్ సర్జన్ 1895లో దీన్ని వివరించారు. బొటనవేలిని పక్కకీ పైకీ లాగే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టంలోంచి వెళ్తాయి, లంగా మడతలోంచి బొందు వెళ్లినట్టు. ఆ గొట్టం గోడ మందమెక్కితే లోపలి స్నాయువు ఒరుసుకుంటుంది, వేలు కదిలించిన ప్రతిసారీ నొప్పి వస్తుంది. 30-50 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఇది ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకూ, పసిబిడ్డను రోజంతా ఎత్తుకునే తల్లులకూ వస్తుంటుంది.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి మిగతా నాలుగు వేళ్లతో మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చురుక్కుమంటే అనుమానం బలపడినట్టే, అంతకన్నా బలంగా వంచి చూడొద్దు. నొప్పి మణికట్టు పక్కన కాకుండా బొటనవేలి అడుగు కీలులోనే లోతుగా ఉండి, సీసా మూత తిప్పినప్పుడు ఎక్కువైతే ఆ కీలు అరుగుదల కావచ్చు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది నరం నొక్కుకోవడం, దానికి వైద్యం వేరు. కీళ్లవాతమైతే సాధారణంగా రెండు చేతుల వేళ్ల కీళ్లూ వాచి, పొద్దున్నే చాలాసేపు బిగుసుకుపోతాయి. యూరిక్ యాసిడ్ నొప్పి ఎక్కువగా కాలి బొటనవేలి దగ్గర ఉన్నట్టుండి ఎర్రగా వాపుతో మొదలవుతుంది. మీరు రాసిన లక్షణాలు ఈ రెండింటికీ సరిపోవడం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే మందులు రాసి పంపించేస్తే మీరు మళ్లీ అదే పీలర్ పట్టుకుంటారు. బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో నొక్కితే దాని అడుగు కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని చాలాకాలం కిందటే లెక్కగట్టారు. సన్నటి స్టీలు రేకు పీలర్, సన్న పిడి చాకు, పట్టకారు, ఇవన్నీ వేలికొసలతో గట్టిగా నొక్కిపడితే తప్ప పనిచేయవు, పైగా తడిచేత్తో జారతాయి కాబట్టి ఇంకా గట్టిగా నొక్కుతాం. అదే పప్పుగుత్తిని చూడండి, లావుపాటి కర్ర, పిడికిలి నిండా పడుతుంది, బలమంతా అరచేతిదీ మోచేతిదీ. బలంగా పట్టుకోవాల్సిన పనిముట్టుకు పిడి 3 నుంచి 5 సెంటీమీటర్ల లావు, కనీసం 10 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. అంతకన్నా పొట్టిదైతే పిడి చివర అరచేతిలో గుచ్చుకుంటుంది.

ఆక్సో అనే అమెరికన్ కంపెనీ పుట్టింది కూడా ఇలాంటి చేతినొప్పి వల్లే. చేతుల్లో ఆర్థ్రైటిస్ ఉన్న తన భార్య బెట్సీ మామూలు పీలర్ పట్టుకోలేక ఇబ్బంది పడుతుంటే శామ్ ఫార్బర్ లావుపాటి మెత్తటి రబ్బరు పిడితో పనిముట్లు తయారు చేయించి 1990లో అమ్మకానికి తెచ్చారు. నొప్పి లేనివాళ్లు కూడా వాటినే కొనుక్కున్నారు. మీరు ఆ బ్రాండే కొనాలని కాదు, అలాంటి లావు పిడి పీలర్లు మన దగ్గరా దొరుకుతున్నాయి. వెంటనే కొనలేకపోతే సైకిల్ షాపులో దొరికే కొత్త రబ్బరు గ్రిప్ తెచ్చి పిడికి తొడగండి, కడుక్కోవడానికీ వీలుంటుంది. గుడ్డ మాత్రం చుట్టొద్దు, తడిసి మురికి పడుతుంది.

చాకుకు పదును పెట్టించండి. మొద్దుబారిన చాకే ఎక్కువ బలం అడుగుతుంది. గుమ్మడికాయ, కంద లాంటి గట్టివాటికి, మోకాళ్లు బాగుంటే, కత్తిపీట మంచిది, కాయను రెండు చేతులతో నొక్కొచ్చు. బరువు గిన్నెలకు పట్టకారు పూర్తిగా పక్కన పెట్టి, మందపాటి గుడ్డలతో రెండు చేతులా దించండి. చపాతీ పిండి కాస్త మెత్తగా కలిపి నాననివ్వండి, కర్ర చివర్లు వేళ్లతో బిగించకుండా అరచేతులు ఆనించి దొర్లించండి. బొటనవేలితో నొక్కే గ్యాస్ లైటర్ ఎడమచేత్తో వాడండి, లేదా ఇంట్లో ఇంకెవరినైనా వెలిగించమనండి. బట్టలు పిండే పని కొన్ని వారాలు వేరేవాళ్లు చేయాలి, ఇది మాత్రం ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి, కావాలంటే ఈ జవాబు చదివి వినిపించండి.

వైద్యానికొస్తే, బొటనవేలిని కూడా కదలకుండా ఉంచే స్ప్లింట్ నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. మణికట్టుకు మాత్రమే వేసుకునే బెల్టు సరిపోదు. నొప్పి జెల్ పైపైన రాయండి, గట్టిగా మర్దన చేయించొద్దు. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష చూపించకుండా నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. అప్పటికీ తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్ ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి దాంతో తగ్గిపోతుంది, కొద్దిమందికే చిన్న ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరగవచ్చు కాబట్టి మీ షుగర్ మాత్రల చీటీ, ఈమధ్య చేయించుకున్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) రిపోర్టు వెంట తీసుకెళ్లి, ఇంజెక్షన్‌కు ముందే డాక్టర్‌కు చూపించండి.